అరవై ఏళ్ల ఎంజీబీకి అయిదో గేరు: ఆరేళ్ల వాడకం తర్వాత

నెల్లూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు. అక్కవాళ్ల ఇల్లు అక్కడే. నా 1966 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఆ దారిన వెళ్లిన మొదటి మూడేళ్లూ కావలి దాటేసరికి చెవులు దిబ్బళ్లు వేసేవి. పక్కన కూర్చున్న అమ్మ ఏదైనా చెప్పాలంటే ముందు కారు ఆపమనేది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిను నిమిషానికి దాదాపు 3,500 చుట్లు తిరుగుతుంటే, పైకప్పు లేని కారులో మాటలెక్కడ వినబడతాయి? అదే దారిలో, అదే వేగంలో ఇప్పుడు సుమారు 2,850 చుట్లు. కోవూరు దగ్గర అమ్మ మొదలుపెట్టిన కబురు సింగరాయకొండ దాకా తెగదు. కారుకు ఫోర్డ్ టైప్ 9 అయిదు గేర్ల పెట్టె బిగించి ఆరేళ్లయింది, 31,000 కిలోమీటర్లు తిరిగింది. ఇలాంటి మార్పు చేయాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ఎంజీబీని ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారుచేశారు. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా కార్లు బయటికొచ్చాయి. 1,798 సీసీ ఇంజిను. మన అంబాసిడర్లో చాలా ఏళ్లు నడిచిన 1,489 సీసీ ఇంజినూ ఈ బీ-సిరీస్ కుటుంబానిదే. అందుకే నెల్లూరు ఆటోనగర్‌లో ఒకప్పుడు అంబాసిడర్లు విప్పిన పెద్ద మేస్త్రీలకు ఈ బానెట్ కింద కొత్తగా కనిపించేది పెద్దగా ఉండదు. ఇంజిను విషయంలో నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు, గోలంతా గేర్‌బాక్స్‌తోనే. నాలుగే గేర్లు, మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్లు కలిసే ముందు వాటి వేగాలను సమానం చేసే ఏర్పాటు) లేదు. కారు పూర్తిగా ఆగితే తప్ప అది సాఫీగా పడదు. గాంధీబొమ్మ సెంటర్లో సాయంత్రం ఆరు గంటలప్పుడు ముందు ఆటో, వెనక బస్సు ఉండగా నత్తనడకన కదిలే కారులో మొదటి గేరు వేయబోతే పళ్లు కరకరమనేవి. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా పళ్లే అరిగిపోతున్నట్టుండేది.

ఆ కాలంలో ఈ కారుకు ఓవర్‌డ్రైవ్‌ను (హైవే వేగంలో ఇంజిను చుట్లు తగ్గించే అదనపు గేరు ఏర్పాటు) అదనపు ఖర్చుతో అమర్చేవారు. నా కారుకు అది లేదు. పాత ఓవర్‌డ్రైవ్ పెట్టె దొరికినా అదీ అరవై ఏళ్లనాటిదే, దాని విద్యుత్ స్విచ్చులు, సోలినాయిడ్ వెంట తిరగడం నాకిష్టం లేకపోయింది. టైప్ 9 అంటే 1980లలో ఫోర్డ్ సియెర్రా, కాప్రీ కార్లలో వాడిన పెట్టె. వెనక చక్రాలతో నడిచే కార్ల కోసం చేసినది, సన్నగా ఉంటుంది, అయిదు గేర్లకూ సింక్రోమెష్ ఉంది. ఎంజీబీ ఇంజినుకు దీన్ని జోడించే అల్యూమినియం బెల్ హౌసింగ్ (గంట ఆకారపు తొడుగు), క్లచ్ ప్లేటు, పైలట్ బుష్ (గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ కొసను పట్టుకునే చిన్న గొట్టం), గేర్‌బాక్స్‌ను మోసే కింది పట్టీ అన్నీ కలిపి ఇంగ్లండులో సెట్టుగా అమ్ముతారు. దాన్ని తెప్పించుకున్నాను. సెట్టు వెలకు రవాణా, సుంకం కలిస్తే చేతికి బాగానే బరువు తగులుతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

అన్నిటికంటే వివరంగా చెప్పాల్సింది బిగింపు గురించి. సెట్టు పెట్టె తెరిచిన రోజున, బోల్టులు కలిశాయి కదా, ఇక రెండు రోజుల పని అనుకున్నాను. ఆటోనగర్‌లో లేత్ నడిపే పెద్దాయన ఒప్పుకోలేదు. "బాబూ, బోల్టు కలిస్తే సరిపోదు, నడుమ కలవాలి" అన్నారు. ఫ్లైవీల్ తీసేసి, ఇంజిను ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ చివర డయల్ గేజ్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత సాధనం) నిలబెట్టి, దాని ముల్లును బెల్ హౌసింగ్ మధ్యలోని గుండ్రటి రంధ్రం అంచుకు ఆనించారు. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజినును చేత్తో మెల్లగా తిప్పాం. ముల్లు అటూ ఇటూ మొత్తం 0.28 మిల్లీమీటర్లు కదిలింది. అందులో సగం, అంటే 0.14 మిల్లీమీటర్లు హౌసింగ్ పక్కకు జరిగి ఉందన్నమాట. కంటికి ఆనే దూరం కాదది. కాని అలాగే బిగించి ఉంటే ఇంజిను తిరిగినంతసేపూ గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్‌ను ఒక పక్కకు లాగుతూనే ఉండేది, పైలట్ బుష్ అరిగేది, క్లచ్ వదిలేటప్పుడు కారు వణికేది. పెద్దాయన బోల్టులు కాస్త వదులు చేసి, చెక్క సుత్తితో ఒక దెబ్బ వేసి మళ్లీ చూసేవారు. మళ్లీ దెబ్బ, మళ్లీ చూపు. మధ్యాహ్నం భోజనం కూడా మరిచి, ముల్లు కదలిక మొత్తం 0.08కి దిగాక, పిన్నులకు కొత్త రంధ్రాలు వేసి హౌసింగ్‌ను అక్కడే కదలకుండా కట్టేశారు. ఆరేళ్లుగా క్లచ్ పట్టు వెన్నలా ఉందంటే ఆ పూట చేసిన పనే కారణమని నా నమ్మకం.

ఈ కారులో ఇంజినునూ గేర్‌బాక్స్‌నూ కలిపి ముందు నుంచే ఎత్తి తీస్తారు. ఎలాగూ విప్పారు కాబట్టి క్రాంక్ వెనక ఆయిల్ సీల్, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ తప్పకుండా మార్చేయండి. వాటికయ్యే డబ్బు తక్కువ, తర్వాత వాటి కోసం మళ్లీ విప్పే శ్రమ చాలా ఎక్కువ.

మొదటి ఏడాదిలో నన్ను బాధపెట్టింది గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్. కొత్త పెట్టె పొడవు వేరు కాబట్టి షాఫ్ట్‌ను మార్చి చేయించాలి. వేరే ఊళ్లో ఒకచోట చేయించాను. బ్యాలెన్స్ చేశామన్నారు, కాగితం కూడా ఇచ్చారు. గంటకు 75 కిలోమీటర్లు దాటగానే సీటు కింద తేనెటీగల పట్టు పెట్టినట్టు ఒకటే వణుకు. రెండోసారి చేయించినా సగమే తగ్గింది. చివరికి లేత్ పెద్దాయనే షాఫ్ట్ రెండు కొసల కోణాలూ కొలిచారు. ముందు జాయింట్ దగ్గర, వెనక జాయింట్ దగ్గర కోణాలు సమానంగా ఉంటే ముందుది పుట్టించిన హెచ్చుతగ్గులను వెనకది రద్దు చేస్తుంది. సమానంగా లేకపోతే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు దాని వేగం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. నా కారులో గేర్‌బాక్స్ తోక కిందికి వాలి ఉంది. కింది పట్టీ మీద 6 మిల్లీమీటర్ల ఇనుప బిళ్ల పెట్టగానే వణుకు పోయింది. ఏడాది పాటు నేను తిట్టుకున్నదంతా ఆ బిళ్ల మందానికే.

ఇక నడక సంగతి. పాత పెట్టె గేరు నిష్పత్తులు (ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిను తిరిగే చుట్లు) 3.64, 2.21, 1.37, 1.00. టైప్ 9వి 3.65, 1.97, 1.37, 1.00, 0.82. మూడు, నాలుగు అచ్చం అవే. అయిదోది హైవేకు వరం. రెండోది మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. మొదటికీ రెండోదానికీ మధ్య ఎడం ఎక్కువైపోయింది. ఊళ్లో తెలియదు గానీ, గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మలుపులో వేగం తగ్గించి రెండో గేరులో బయటపడబోతే ఇంజిను ఊపిరి అందనట్టు నీరసపడుతుంది, మొదటి గేరు వేస్తే అరుస్తుంది. ఆ రెంటికీ నడుమ ఒక మెట్టు లేదు. పాత పెట్టె ఆ ఘాట్‌లో ఇంతకంటే హాయిగా ఎక్కేది, ఆ మాట దాచను. మొదటి గేరు కాస్త పొడవుగా, అంటే నిష్పత్తి రెండోదానికి దగ్గరగా ఉండే పళ్ల సెట్టు విడిగా దొరుకుతుంది. కొండదారులే ఎక్కువ తిరిగేవారు పెట్టె బిగించకముందే దాన్ని వేయించుకోవడం మంచిది.

గేరు మార్పు మొదటి వెయ్యి కిలోమీటర్లు బిగువుగా ఉండి, తర్వాత సర్దుకుంది. రెండో నెలలో స్పీడోమీటర్ కేబుల్ దూరే చోట ఆయిల్ చెమ్మ కనిపించింది, రబ్బరు వలయం మార్చగానే ఆగింది. స్పీడోమీటరే తప్పు చూపేది, గంటకు 60 మైళ్లలో వెళ్తుంటే 52 దగ్గర నిలిచేది. ఫోనులో జీపీఎస్ పక్కన పెట్టి చూసి సరిచేయించాను. మే నెలలో గేర్‌బాక్స్‌ను కప్పే మధ్య సొరంగం నుంచి కాళ్లకు తగిలే సెగ మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే. నెల్లూరు ఎండలో దానికి గేరు పెట్టె మార్పు మందు కాదు. పాత పెట్టెలో ఇంజిను ఆయిలే పోసేవాళ్లం, దీనికి పల్చటి గేర్ ఆయిల్ పోయాలి. ఏ పనివాడికి కారు అప్పగించినా ఈ మాట చెప్పే పంపుతాను. ఒంగోలు రాకపోకల్లో మైలేజీ లీటరుకు 9.8 కిలోమీటర్ల నుంచి 11.3కి పెరిగింది. పెట్టుబడి దీనితో తిరిగి రాదు, ఆ ఆశతో ఎవరూ చేయకండి.

ఒక విషయంలో మొదటి నుంచీ పట్టుదలగా ఉన్నాను: కారు రేకును ఎక్కడా కోయకూడదు. ఈ సెట్టుతో కోయాల్సిన అవసరం రాలేదు, సొరంగం పుట్టినప్పటిలాగే ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవాలంటే చట్రంలో గానీ, బాడీలో గానీ, ఇంజినులో గానీ పెద్ద మార్పులు ఉండకూడదు. అలా నమోదైతే రోజువారీ తిరగడానికి వీలుండదు కాబట్టి నేను ఇంకా మామూలు రిజిస్ట్రేషన్‌తోనే ఉన్నాను. తర్వాత ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా వారికి ఆ దారి మూసుకుపోకూడదు. అందుకే పాత గేర్‌బాక్స్‌ను, దాని షాఫ్ట్‌ను, ఒక్కో బోల్టును చీటీ కట్టి చెక్కపెట్టెలో దాచాను. ఏటా ఆయుధపూజ నాడు మూత తీసి, గుడ్డతో తుడిచి, ముందు షాఫ్ట్ పట్టుకుని చేత్తో పది చుట్లు తిప్పి, ఆయిల్ రాసి మళ్లీ మూసేస్తాను.