10×50 బైనాక్యులర్: పర్లాకిమిడి డాబా మీద ఏళ్ల తరబడి వాడాక

"పిల్లలకి టెలిస్కోపు కొందామనుకుంటున్నాం, ఏది మంచిది?" అని మా ఊరు, ఒడిశాలోని పర్లాకిమిడిలో నన్ను అడిగేవాళ్లు బాగా పెరిగారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి మరీ ఎక్కువయ్యారు. నేను అందరికీ చెప్పేది ఒకటే. ముందు ఒక మంచి 10×50 బైనాక్యులర్ కొనండి, టెలిస్కోపు సంగతి తర్వాత చూద్దాం. 2018 వేసవిలో కొన్న నాది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. దాంతో నేనొక్కదాన్నే కాదు, మా వీధి వీధంతా ఆకాశం చూసింది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఏడెనిమిది వేల ధరలో దొరికే పోరో ప్రిజం రకాలు నేను చూసినంతలో దాదాపు ఒకేలా పనిచేస్తాయి. పోరో ప్రిజం అంటే ముందు గొట్టాలు ఎడంగా, కంటి దగ్గరి గొట్టాలు దగ్గరగా ఉండే పాతకాలం ఆకారం. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మి.మీ. అని. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప 7 మి.మీ. దాకా ఉంటుంది. ఆ లెక్కన ఇది ఉత్త కంటికన్నా దాదాపు 50 రెట్లు ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. చుక్కల విషయంలో అసలు లాభం ఇదే. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది దీని తర్వాతి మాట.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి "525 రెట్లు" అని రాసి అమ్మే ప్లాస్టిక్ టెలిస్కోపులు చూసి మోసపోకండి. అద్దం వెడల్పులో ఒక్కో మిల్లీమీటరుకి రెండు రెట్లు మించితే బొమ్మ మసకే. 60 మి.మీ. అద్దానికి 120 దాటితే ఇక లాభం లేదు. పైగా వాటి స్టాండు గాలికి ఊగుతుంది, చంద్రుణ్ని పట్టేలోపు పిల్లలకి విసుగొస్తుంది. ఎర్రగా మెరిసే అద్దాల బైనాక్యులర్లు, జూమ్ ఉన్నవి కూడా వద్దు.

దీన్లో 6.5 డిగ్రీల ఆకాశం ఒకేసారి కనిపిస్తుంది. అంటే పదమూడు నిండు చందమామలు పక్కపక్కన పట్టేంత. అందుకే కొత్తవాళ్లకి కూడా వెతుక్కోవడం తేలిక. కృత్తికల వైపు (మావైపు పిల్లలకోడి అంటాం) తిప్పి ఇచ్చాక వెనకింటి పిన్ని అన్న మాట నాకు బాగా గుర్తు. "ఏటమ్మా, పిల్లలకోడిలో ఇన్ని పిల్లలున్నాయేటి!" ఉత్త కంటికి ఆరు కనిపించే చోట ఇందులో కొన్ని డజన్లు తేలతాయి. ఆ తర్వాత ఆవిడ శీతాకాలం సాయంత్రాల్లో తనంతట తనే మేడెక్కి వచ్చి అడిగి చూసేది.

చంద్రుణ్ని పౌర్ణమి నాడు చూడమని ఎవరికీ చెప్పను. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతలు, కొండలు నీడలతో సహా విడివిడిగా కనిపిస్తాయి. పౌర్ణమికి ఆ నీడలుండవు, కళ్లు చెదురుతాయి. టైకో గుంత నుంచి చిమ్మినట్టు సాగే తెల్లటి చారలు మాత్రం ఆ రోజే బాగుంటాయి. గురుగ్రహం పక్కన నాలుగు చంద్రుళ్లు కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసినవి ఇవే: అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. ఈ రోజు ఒకవైపు మూడుంటే రేపు రెండే ఉండొచ్చు. పిల్లల చేత ప్రతి రాత్రీ నోటుపుస్తకంలో చుక్కలు పెట్టించండి, వారం తిరిగేసరికి అవి తిరుగుతున్నాయని వాళ్లే చెప్తారు.

శని ఉంగరాలు దీన్లో కనిపించవు. గ్రహం కాస్త కోలగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. ఉంగరాలే చూడాలంటే టెలిస్కోపు కొనాల్సిందే. ఇది ముందే చెప్పకపోతే పిల్లలు నిరాశపడతారు.

నేను చూసినవాటిలో మొదట చెప్పుకోవలసింది 2020 డిసెంబర్ 21న గురుడూ శనీ కలిసిన సాయంత్రం. రెండింటి మధ్య డిగ్రీలో పదో వంతు. ఉత్త కంటికి ఒకే చుక్కలా ఉన్నవి బైనాక్యులర్లో రెండుగా విడిపోయి, పక్కన గురుడి చంద్రుళ్లతో సహా కనిపించాయి. 2023లో కుమార పున్నమి (ఆశ్వయుజ పౌర్ణమి, ఒడిశాలో ఆడపిల్లలు పూజ చేసుకునే పండగ) నాటి అర్ధరాత్రి దాటాక పాక్షిక చంద్రగ్రహణం పట్టింది. పూజ చేసుకున్న ఆడపిల్లలు జాగారంగా ఉండి, నీడ చంద్రుడి అంచుని కొరకడం వంతులవారీగా చూశారు. దగ్గర్లోనే గురుగ్రహం. 2024 అక్టోబర్‌లో సుచిన్‌షాన్–అట్లస్ తోకచుక్క వచ్చినప్పుడు, మబ్బు తెరిపిచ్చిన సాయంత్రాల్లో మా డాబా నిండిపోయింది. ఫోన్లలో వచ్చిన ఫోటోలు చూసి అంత పెద్దగా ఉంటుందనుకున్నవాళ్లు కూడా, పడమట ఆ సన్నటి తోకను తమ కళ్లతో చూశాక మాట్లాడకుండా నిలబడిపోయారు. ఇలాంటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. సూర్యుడు పూర్తిగా దిగేదాకా బైనాక్యులర్‌ని పడమటికి ఎత్తనివ్వకండి. సూర్యుడు ఒక్క క్షణం అందులో పడ్డా కన్ను శాశ్వతంగా పోవచ్చు.

అన్నిటికన్నా గొప్ప ఆకాశం మాత్రం కష్టకాలంలో దొరికింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, మా గజపతి జిల్లా కూడా అతలాకుతలమైంది. రోజుల తరబడి కరెంటు లేదు. కొండల మీది ఊళ్లలో ప్రాణాలు పోయాయి, ఆ దుఃఖం ఇప్పటికీ తలుచుకుంటాం. ఆ రాత్రుల్లో చంద్రుడు దిగిపోయాక ఎటు చూసినా దీపం లేదు. పాలపుంత ఇళ్ల కప్పుల మీద నుంచి సాగింది. ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికే తెలిసింది, బైనాక్యులర్లో పొడుగాటి వెలుగు మచ్చలా నిలిచింది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. భయంతో నిద్రపట్టని పిల్లల్ని డాబా మీదికి తీసుకొచ్చి అది చూపించాం. వాళ్లు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఈ వస్తువు మీద నాకు మమకారం పుట్టింది ఆ రాత్రుల్లోనే.

ఇంకో సంగతి దక్షిణాదికి దగ్గరగా ఉన్న మనబోటివాళ్ల కోసం. పర్లాకిమిడి 19 డిగ్రీల అక్షాంశానికి కాస్త దిగువన ఉంది. మే నెల మధ్యలో రాత్రి పది గంటల వేళ పాతపట్నం, టెక్కలి వైపు, అంటే దక్షిణానికి తిరగండి. దిక్చక్రానికి రెండున్నర పిడికిళ్ల ఎత్తులో మసక ఉండలాంటిది ఒకటి దొరుకుతుంది. అది ఒమేగా సెంటారీ. కోటి దాకా నక్షత్రాల గుంపు, దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఢిల్లీవాళ్లకి అది 14 డిగ్రీలే లేస్తుంది, దుమ్ములో కలిసిపోతుంది. మనకి చక్కగా దొరుకుతుంది కాబట్టి వదులుకోవద్దు.

ఇక ఇబ్బందులు. మొదటిది చెయ్యి వణుకు. పది రెట్లు పెద్దగా చూపించేది మన వణుకును కూడా పది రెట్లు చేస్తుంది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించడం, పడక కుర్చీలో వెనక్కి వాలడం కొంత నయం. మధ్యలో రెండు గొట్టాలనూ కలిపే కీలు ముందర చిన్న మూత ఉంటుంది, దాని కింద స్క్రూ రంధ్రం. అక్కడ ఎల్ ఆకారపు బ్రాకెట్ బిగించి కెమెరా ట్రైపాడ్ మీద పెట్టాక గురుడి చంద్రుళ్లు కదలకుండా నిలబడ్డాయి. ముసలివాళ్లకి చూపించాలంటే ట్రైపాడ్ లేకుండా కుదరదు.

రెండోది, చేతులు మారిన కొద్దీ సెట్టింగు చెడుతుంది. కుడికన్ను మూసి ఎడమకన్నుతో మధ్య చక్రం తిప్పుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి కుడి కంటి దగ్గరి గొట్టం తిప్పుకోవాలి. నా చూపుకి సరిపోయే చోట తెల్ల పెయింటు చుక్క పెట్టుకున్నాను, ఎవరు తిప్పినా వెంటనే వెనక్కి తెచ్చుకోవచ్చు. కళ్లజోడువాళ్లు జోడు తీసి చూడొచ్చు, సిలిండర్ పవరు (ఆస్టిగ్మాటిజం) ఎక్కువుంటే మాత్రం పెట్టుకునే చూడాలి. అప్పుడు కంటి దగ్గరి రబ్బరు కప్పులు మడుచుకోవాలి. బాగా చిన్నపిల్లల కళ్ల మధ్య దూరానికి రెండు గొట్టాలూ అంత దగ్గరికి రావు. "అక్కా, నాకేటీ కనబడట్లేదు" అని ఏడవకుండా వాళ్లకి ఒక గొట్టంతోనే చూపించండి.

మూడోదే అసలు శత్రువు, మా వానాకాలపు చెమ్మ. జూన్ నుంచి అక్టోబర్ దాకా బట్టలే ఆరని ఊరు మాది. రెండో వానాకాలానికి కుడివైపు ముందు అద్దం లోపలి అంచున సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ మొదలైంది. బరంపురంలో ఒక కెమెరా మెకానిక్ విప్పి శుభ్రం చేశాడు. ఇంటికి తెచ్చి చూస్తే దూరపు టవర్ దీపం రెండుగా కనిపించింది. రెండు గొట్టాల చూపూ ఒకే దిక్కున లేదన్నమాట. దాన్నిలాగే వాడితే తలనొప్పి ఖాయం. మళ్లీ తీసుకెళ్తే సరిచేసి ఇచ్చాడు. అప్పటి నుంచి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెడుతున్నాను. నావి రంగు మారే గింజలు. నారింజ రంగువి ఆకుపచ్చకి తిరిగితే చెమ్మ పీల్చాయని అర్థం, సన్నటి సెగ మీద మూకుడులో వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెప్తారు. ఆ పిండి దుమ్ము చక్రంలో చేరుతుంది, వద్దు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం ఇంకా ప్రమాదం. డబ్బా పద్ధతి మొదలయ్యాక ఫంగస్ మళ్లీ రాలేదు.

ఆకాశంలో ఏది ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్ ఉచితంగా దొరుకుతుంది. రాత్రి వాడేటప్పుడు తెర ఎర్రగా పెట్టుకోండి, లేకపోతే చీకటికి అలవాటుపడ్డ కంటికి మళ్లీ ఇరవై నిమిషాలు పడుతుంది. పగలు పిట్టలకీ, ఈశాన్యాన మహేంద్రగిరి అంచులు చూడ్డానికీ ఇది హాయి. ఇరుగుపొరుగు డాబాల వైపు మాత్రం ఎత్తకూడదని ఇంట్లో పిల్లలకి గట్టిగా చెప్పాం. వీధిలో నమ్మకం పోతే రాత్రిపూట మేడెక్కేవాళ్లు ఎవరూ ఉండరు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు రెండు పనులు చెయ్యండి. కంటివైపు నుంచి టార్చి వేసి ముందు అద్దంలోకి చూడండి, పోగులు ఉంటే తెలిసిపోతాయి. తర్వాత దూరంగా ఉన్న ఒక దీపాన్ని రెండు కళ్లతో చూస్తూ నెమ్మదిగా బైనాక్యులర్‌ని కళ్ల నుంచి కాస్త వెనక్కి జరపండి. దీపం రెండుగా విడిపోతే ధర ఎంత తక్కువైనా తీసుకోకండి.