హార్స్‌లీ హిల్స్ వేసవి బంగళా, తిరుపతి సత్రం: రెండు బసల చరిత్ర

చిత్తూరు సీమలో పాత బసల చరిత్ర తెలుసుకోగోరే వారు ముఖ్యంగా రెండింటిని చూడవచ్చు: 2022 వరకు ఈ జిల్లాలోనే ఉన్న హార్స్‌లీ హిల్స్ వేసవి బంగళా, తిరుపతి సత్రం. ఏనుగు మల్లమ్మ కొండగా పేరున్న ఆ ఎత్తైన చోట, 19వ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ మైదానపు ఎండలకు దూరంగా వేసవి విడిది కట్టించుకున్నారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడే వరకు మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనిదే. కొండకు చివరికి దొర పేరే స్థిరపడింది.

సత్రం కథ ఇంతకంటే విస్తారమైనది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకునే వరకు యాత్రికులు అలిపిరి మెట్ల మీదుగానో శ్రీవారి మెట్టు దారినో, నడిచో డోలీలోనో తిరుమల చేరవలసి ఉండేది కనుక, దూరప్రాంతాల వారికి కొండ దిగువన బస అత్యవసరమయ్యేది. ఆలయ పాలన 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండి, 1932 నాటి చట్టంతో దేవస్థానం కమిటీకి మారింది. బంగళా ఒక అధికారి సౌఖ్యం కోసం పుట్టగా, సత్రం దాతల సొమ్ముతో ముక్కూమొహం తెలియని బాటసారుల కోసం వెలిసింది. అందుచేత చరిత్ర దృష్టితో నేను సత్రానికే పెద్దపీట వేస్తాను. మే నెలలో పిల్లలతో విశ్రాంతిగా గడపడానికైతే మాత్రం హార్స్‌లీ హిల్స్‌నే ఎంచుకుంటాను.