టాప్ లేని హెరాల్డ్ చవగ్గా వస్తోందంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత కార్లు కొని బాగుచేయించుకునే వాళ్లందరికీ ఇది హెచ్చరిక. "వింటేజ్ కన్వర్టిబుల్, ప్రాజెక్ట్ కారు, పేపర్లన్నీ క్లియర్" అంటూ కొన్ని ఫొటోలు మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. కన్వర్టిబుల్ అంటే గట్టి పైకప్పు బదులు మడిచే గుడ్డ టాప్ ఉండే కారు. అదే రేకుల షెడ్డు, అదే నీలం పట్టా, అవే మాటలు. పోయిన ఏడాది మా బావమరిది, నేను కలిసి స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నది ఆ షెడ్డులోనే. ఆ కారు ఇవాళ్టికీ మా పేరు మీదకు మారలేదు. ఇప్పుడున్న రూపంలో ఎప్పటికీ మారదు. అమ్మిన మనిషి పేరు ఇక్కడ రాయడం లేదు. అతను ఏమేం దాచాడో, వాటిని అడ్వాన్సు ఇవ్వకముందే ఎలా పట్టుకోవచ్చో మాత్రం పూర్తిగా రాస్తున్నాను.

హెరాల్డ్ తెలియని కుర్రవాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ పేరుతో 1959లో వచ్చిన కారు ఇది. బాడీ గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. మన దేశంలో 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసింది. మొదట్లో 948 సీసీ ఇంజిన్. బానెట్టూ మడ్‌గార్డులూ ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి కాబట్టి, పక్కన టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. అంత సుఖమైన ఏర్పాటు ఆ కాలం కార్లలో నేను ఇంకెక్కడా చూడలేదు. మద్రాసు పక్కనే కాబట్టి మన వైపు పాత ఇళ్ల షెడ్లలో అక్కడక్కడా ఇంకా కనిపిస్తుంది. ఈ కారంటే నాకు ప్రాణం. అందుకే దీని పేరుతో జరుగుతున్న మోసం చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

హెరాల్డ్‌లో ఒక సంగతి కొనేవాళ్లకు తెలిసి తీరాలి. దీనికి ఛాసిస్, అంటే అడుగు చట్రం వేరు, బాడీ వేరు. బాడీ కూడా ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. పైకప్పు కూడా అంతే. స్పానర్లు పట్టుకుని ఇద్దరు మనుషులు కూర్చుంటే సెలూన్ కారు, అంటే గట్టి పైకప్పున్న మామూలు కారు పైకప్పు ఊడి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక జీపు హుడ్డు ఫ్రేము తెచ్చి, కాన్వాస్ గుడ్డ కుట్టించి తగిలిస్తే దూరానికి కన్వర్టిబుల్‌లాగే కనిపిస్తుంది. కంపెనీ చేసిన అసలైన కన్వర్టిబుల్స్ చాలా అరుదు. మామూలు సెలూన్‌కు, దానికి ధరలో ఎంతో తేడా. మోసానికి మూలం ఈ తేడాయే.

మాకు చెప్పిన కథ ఏమిటంటే, ఒక పెద్ద జమీందారీ కుటుంబం మద్రాసులో కొన్న కన్వర్టిబుల్ అట, వారసులు పట్టించుకోక పాడుపడిందట, అందుకే రెండు లక్షల ఇరవై వేలకు వస్తోందట. ఆర్‌సీ జిరాక్సు చూపించాడు. అందులో బాడీ రకం రాసే చోట మడత నలిగి అక్షరాలు కనిపించలేదు. ఒరిజినల్ బ్యాంకు లాకరులో ఉంది, డబ్బు మొత్తం అందాక ఇస్తానన్నాడు. "అన్నా, టెన్షన్ పడొద్దు, సంతకాలు పెట్టిన ఫారాలు కూడా నా దగ్గరే ఉన్నాయి" అన్నాడు.

బండిని లారీలో ఎక్కించి నెల్లూరు ఆటోనగర్‌కు తెచ్చాం. అక్కడ పాత బళ్లకు టింకరింగ్ చేసే పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. ముందు అద్దం ఫ్రేము పైఅంచు మీద ఉలితో మెల్లగా కొట్టారు. పుట్టీ పెచ్చులుగా రాలింది. దాని కింద వరసగా బోల్టు రంధ్రాలు. వెనక సీటు వెనకాల గీకితే అక్కడా అవే రంధ్రాలు. "ఇది ఓపెన్ బండి కాదు సామీ, టాప్ విప్పేసిన బండి" అన్నారు. ఒరిజినల్ ఆర్‌సీ చేతికి వచ్చాక చూస్తే అందులో స్పష్టంగా సెలూన్ అని ఉంది. ఆర్‌సీలో ఉన్న అడ్రసు పట్టుకుని చెన్నై వెళ్తే ఆ ఇంట్లో యజమాని కొడుకు దొరికారు. చాలా మర్యాదస్తుడు. ఆల్బం తెచ్చి చూపించారు. ఫొటోలో అదే నంబరు, అదే కారు, నెత్తిన నిక్షేపంలాంటి పైకప్పు. వాళ్లు అమ్మినప్పుడు కూడా టాప్ ఉందని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు: తండ్రి చనిపోయి చాలా ఏళ్లయింది. అంటే పేరు మార్పు కోసం మాకు ఇచ్చిన 29, 30 ఫారాల మీద ఉన్నది చనిపోయిన మనిషి సంతకం. అది ఆయన బతికుండగా ఖాళీ ఫారాల మీద పెట్టిందో, తర్వాత ఎవరైనా గీకిందో మనకు తెలిసే మార్గం లేదు. ఎలా చూసినా ఆ కాగితాలు పనికిరావు. యజమాని చనిపోతే ముందు వారసుల పేరు మీదకు ఫారం 31తో మార్పు జరగాలి, ఆ తర్వాతే మనకు. తమిళనాడు బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కూడా కావాలి. ఆ కొడుకు సహకరిస్తానన్నారు, అది ఆయన మంచితనం. కానీ బండి సెలూన్‌గా లేకపోయాక ఆయన మాత్రం ఏం చేస్తారు?

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, "ఎవరో ఏజెంటును పట్టుకుంటే అయిపోతుంది" అంటారు. అవదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సరే, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దాం అనుకుంటే అదీ కుదరదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు వర్తిస్తాయి. 1972లో హెరాల్డ్ స్థానంలో గెజెల్ అనే మోడల్ వచ్చేసింది కాబట్టి వయసు విషయంలో ఏ హెరాల్డ్‌కైనా ఇబ్బంది లేదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేలు కడితే పదేళ్లకు ఇస్తారు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో మొదటి షరతు. పైకప్పు విప్పి బాడీ కోసిన బండి ఆ గడప దాటదు. ఒకవేళ దాటినా, వింటేజ్ నంబరు బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి. ఇది కూడా అమ్మేవాళ్లు చెప్పరు.

మరి తిరిగి పైకప్పు బిగిస్తే సరిపోదా అని అడగొచ్చు. మేమూ అదే ఆలోచించాం. చెన్నైలో పాత బళ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో వెతికాం. హెరాల్డ్ టాప్ దొరికినా, వెనక భాగం కోసి మార్చేశారు కాబట్టి కూర్చోదు. అంతకంటే పెద్ద సమస్య కింద బయటపడింది.

ఆ షెడ్డు చుట్టూ రొయ్యల చెరువులు. ఏరేటర్లు రాత్రీ పగలూ ఉప్పునీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. పైగా మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో తడి ఆరదు, ఉప్పుగాలి ఆగదు. ఇనుముకు అంతకంటే చెడ్డ చోటు లేదు. హెరాల్డ్ బలమంతా ఛాసిస్‌లోనే ఉంటుంది. మధ్య పట్టీల నుంచి పక్కలకు చేతుల్లా వచ్చే ముక్కలు ముందు తుప్పు పడతాయి, బాడీని మోసేవి అవే. మాకు అమ్మిన బండిలో ఆ చేతుల మీద పల్చటి రేకు వెల్డింగ్ చేసి, పైన నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా కొట్టారు. చూడ్డానికి కొత్త ఛాసిస్. స్క్రూడ్రైవరు గుచ్చితే లోపలికి దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం.

ఇంకా ఘోరం, తలుపుల అడుగున, ఛాసిస్ గొట్టాల్లో సన్నటి ఎండిన ఒండ్రు దొరికింది. హెడ్‌లైట్ గిన్నెల్లో ఒక ఎత్తు దాకా బురద గీత. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, కోవూరు వైపు ఎన్ని ఇళ్లు మునిగాయో మనకందరికీ గుర్తే. ఆ సమయంలో ఈ బండి ఎక్కడుందని అడిగితే అమ్మిన మనిషి రోజుకో ఊరు చెప్పాడు. కాబట్టి మన జిల్లాలో ఏ పాత బండి కొన్నా ఆ నవంబరులో అది ఎక్కడ నిలబడి ఉందో అడగండి. గేరుబాక్సు ఆయిల్ కాస్త తీయించి చూడండి. టీలా తెల్లగా కలిసిపోయి ఉంటే నీళ్లు వెళ్లినట్టే.

హెరాల్డ్‌ను ఎలాగైనా కొనాలనుకునే వాళ్లకు ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి. ముందు చక్రాల దగ్గర, సస్పెన్షన్ కింది కొసన ఇత్తడి ట్రన్నియన్లు ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా నిలువు కడ్డీ వాటిలోనే తిరుగుతుంది. వాటికి గ్రీజు పనికిరాదు, తొంభై నంబరు గేరాయిల్ ఎక్కించాలి. మన మెకానిక్‌లు అలవాటుగా గ్రీజు కొట్టేస్తారు. అది గడ్డకట్టి, లోపలికి నీరు చేరి, కడ్డీ తుప్పు పట్టి ఒకరోజు విరిగిపోతుంది. చక్రం బండి కిందికి ముడుచుకుపోతుంది. హైవే మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా బండిలో ఒకవైపు కడ్డీ సగం దాకా తినేసి ఉంది. "స్టార్ట్ చేసి కావలి దాకా నడుపుకుంటూ వెళ్లిపోండన్నా" అని ఆ మనిషి సలహా ఇచ్చాడు. ఈ ఒక్క మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. బావమరిది పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని బయల్దేరి ఉంటే?

అందుకని, చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, గుడ్డ, టార్చి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోండి. గుడ్డ చుట్టిన అయస్కాంతం పెయింటు మీద ఎక్కడ అంటుకోకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. ముందు అద్దం ఫ్రేము పైఅంచు తప్పకుండా చూడండి. గుచ్చి చూస్తానంటే అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. తలుపు దగ్గర జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు సందు మారినా, తలుపు పట్టేసినా ఛాసిస్ పోయినట్టే. నాలుగు తలుపులుండి టాప్ లేని హెరాల్డ్ చూపిస్తే మరో ప్రశ్నే వద్దు, నాలుగు తలుపుల్లో కంపెనీ కన్వర్టిబుల్ లేదు. ఫియట్‌ను, పద్మినిని కోసి కన్వర్టిబుల్ చేసినవి ఇంకా ప్రమాదం. వాటికి వేరే ఛాసిస్ లేదు, పైకప్పే బలంలో భాగం. కోసేస్తే నడుము దగ్గర బండి కుంగుతుంది.

ఒరిజినల్ ఆర్‌సీ చూడకుండా అడ్వాన్సు వద్దు. ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసుకుని ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి. చాలా పాత బండ్లు అందులో కనిపించవు, అప్పుడు రిజిస్టర్ అయిన ఆర్టీవో ఆఫీసులోనే అడగాలి. ఆర్‌సీలో పేరున్న మనిషితో, లేదా వారసులతో, స్వయంగా మాట్లాడాలి. మధ్యవర్తి "వాళ్లు అమెరికాలో ఉన్నారు" అంటే వీడియో కాల్ చేయించమనండి. రసీదులో "కంపెనీ కన్వర్టిబుల్" అని, పేరు మార్పు జరగకపోతే డబ్బు వాపస్ అని రాయించండి. నిజం చెప్పేవాడికి ఆ రెండు వాక్యాలు రాయడానికి అభ్యంతరం ఉండదు.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్న వాళ్లుంటే ధైర్యం చెడొద్దు. పాత కార్లు కొని అమ్మడమే వ్యాపారంగా చేసే మనిషి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. తన సొంత కారు ఒక్కటి అమ్ముకున్న ఇంటివాళ్ల మీద అక్కడ కేసు నిలవడం కష్టం, అందుకే మీకు అమ్మిన మనిషి ఇంకా ఎన్ని బళ్లు అమ్మకానికి పెట్టాడో ఆ ప్రకటనల స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. పోలీసు ఫిర్యాదుకైతే కొత్త న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది. మేము రెండు దారులూ మొదలుపెట్టాం. అతని వాయిస్ మెసేజ్‌లు, ఫోన్‌పే రసీదులు, చెన్నై కుటుంబం ఇచ్చిన ఫొటో కాపీ అన్నీ భద్రంగా ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవి కూడా చెరిపేయకండి, ఫోను మార్చేటప్పుడు వాట్సాప్ బ్యాకప్ తప్పకుండా తీసుకోండి. బండిని టింకరింగ్‌కు ఇచ్చేముందే అన్ని వైపులా ఫొటోలు తీయించండి. పుట్టీ గీకేశాక అది ముందునుంచీ అలాగే ఉందని నిరూపించడం చాలా కష్టం.