కామన్ యాప్‌తో మూడు వారాలు: ఆఖరి తేదీ ముంచుకొచ్చినప్పుడు

మా తమ్ముడు అమెరికా కాలేజీల్లో డిగ్రీకి అప్లై చేసినప్పుడు, డిసెంబర్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా రోజూ రాత్రి వాడి పక్కనే కూర్చున్నాను. మొత్తం తొమ్మిది కాలేజీలు. ఎనిమిదింటికి ఆఖరి తేదీ జనవరి 1. అన్నీ కామన్ యాప్ మీదే పంపాం. మాలాగే ఆలస్యంగా పనిలోకి దిగినవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

1975లో 15 కాలేజీలతో మొదలైన ఈ అప్లికేషన్‌లో ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. చదువు, కుటుంబం, మార్కులు, ఎస్సే ఒక్కసారి నింపితే చాలు, 20 కాలేజీల దాకా అవే వెళ్తాయి. ఏటా ఆగస్టు 1న కొత్త సంవత్సరానికి తెరుచుకుంటుంది. మేమూ ఆగస్టులోనే అకౌంట్ తెరిచాం. తర్వాత నాలుగు నెలలు అటువైపు చూడలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది యాక్టివిటీస్ భాగం. చదువు కాక ఇంకేం చేశావని పది గడులు ఇస్తారు. ఒక్కో దానిలో వివరణకి 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. మా వాడు రెండేళ్లు ప్రతి ఆదివారం లైబ్రరీలో చిన్నపిల్లలకి లెక్కలు చెప్పాడు. దాని గురించి మొదట రాసింది నాలుగు వందల అక్షరాలు దాటింది. ఎంతో బాధ్యతగా, ఎంతో ఇష్టంగా, విద్య విలువ తెలిసి... అంతా ఇదే వరస.

"ఎంతమంది పిల్లలురా?" అన్నాను.

"పద్నాలుగు మంది అక్కా."

"ఏం చెప్పేవాడివి?"

"భిన్నాలు. అందరూ అక్కడే ఆగిపోయేవాళ్లు. కాగితం మడిచి చూపిస్తే అర్థమయ్యేది."

"మరి అదే రాయి."

138 అక్షరాల్లో సరిపోయింది. నాలుగు వందల అక్షరాల్లో పద్నాలుగు మందీ లేరు, భిన్నాలూ లేవు, మడిచిన కాగితమూ లేదు. ఈ గడి ఇంత ఇరుగ్గా ఉండటమే మంచిదయింది. మిగతా తొమ్మిదీ అదే పద్ధతిలో తిరగరాశాం, రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రులూ వృథా పోలేదు.

ఎస్సేకి 250 నుంచి 650 పదాలు. అందులోనూ వాడు ఆ లెక్కల పాఠాల గురించే రాశాడు. ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. భయపడి, డబ్బులు కట్టి, ఎస్సేలు దిద్దే ఒక సర్వీస్‌కి పంపాం. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది. ఒక్క వ్యాకరణ దోషం లేదు. కానీ ఆ కాగితం మడతలు ఎగిరిపోయి, వాటి స్థానంలో నాయకత్వం, తపన, సేవాభావం వచ్చి కూర్చున్నాయి. తమ్ముడు రెండుసార్లు చదివి, "బాగుంది అక్కా, కానీ ఇది నేను కాదు" అన్నాడు. పాత ప్రతి తీసి, పైకి చదువుకుంటూ నాలిక తడబడినచోటల్లా వాడే దిద్దుకున్నాడు. గడువు దగ్గరపడ్డాక ఎస్సే పరాయి చేతిలో పెట్టొద్దని గట్టిగా చెబుతాను. చదివి పెట్టమని ఎవరినైనా అడగండి, రాసి పెట్టమని మాత్రం అడగొద్దు.

డిసెంబర్ 27న ఇంకో గండం. ఉమ్మడి భాగమంతా ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి కదా, అయిపోయిందనుకున్నాం. తీరా ఒక కాలేజీ సొంత ప్రశ్నల పేజీలో ఏ బ్రాంచ్ కావాలో ఎంచుకోగానే, అంతవరకూ కనబడని మూడు చిన్న ఎస్సేలు ప్రత్యక్షమయ్యాయి. కొన్ని కాలేజీలు మనం ఎంచుకున్నదాన్ని బట్టి ప్రశ్నలు వేస్తాయి, అందుకే ముందు కనబడవు. యాప్‌ని అనడానికేం లేదు, మేమే ఆ పేజీలు మొదటి వారంలో తెరిచి ఉండాల్సింది. కాలేజీ జాబితాలో చేర్చిన రోజే బ్రాంచ్, చేరే సెమిస్టర్ నింపేయండి. ఎన్ని ఎస్సేలు రాయాలో అప్పుడే తేలుతుంది.

సిఫార్సు లేఖల సంగతి ఇంకా ముఖ్యం. ఎందుకంటే అది మన చేతిలో పని కాదు. ముందుగా ఫెర్పా (విద్యార్థుల రికార్డుల మీద అమెరికా చట్టం) అనే పేజీలో, ఆ లేఖలు తర్వాత చూసే హక్కు వదులుకుంటున్నావా లేదా అన్నది తేల్చి సంతకం చెయ్యాలి. అది చేస్తేగానీ టీచర్లకి ఆహ్వానం పంపనివ్వదు. స్కూల్లో కౌన్సెలర్ లేకపోతే ప్రిన్సిపాల్‌ని ఆ స్థానంలో పెట్టుకోవచ్చు, మేం అదే చేశాం. లెక్కల మాస్టారి పేరు ఎదురుగా ఇంకా ఏ కదలికా లేదని 29న గమనించి వాడు ఫోన్ చేశాడు. "నాకే మెయిలూ రాలేదు నాయనా" అన్నారాయన. స్పామ్‌లో ఉంది, మూడు వారాలుగా. మర్నాడు సాయంత్రానికల్లా రాసి పంపించారు. ఒక ఊరట ఏమిటంటే, టీచర్ల లేఖలు వాళ్ల దారిన వాళ్లు పంపుతారు, అవి అందేదాకా మన అప్లికేషన్ ఆపుకోనక్కర్లేదు.

ఇక సబ్మిట్. మొదట మొత్తం అప్లికేషన్‌ని పీడీఎఫ్‌గా చూపిస్తుంది. దాన్ని స్క్రీన్ మీద కాకుండా ప్రింట్ తీసి చదివాం. ఎస్సేలో రెండు పేరాలు కలిసిపోయిన సంగతి అక్కడే దొరికింది. తర్వాత ఫీజు, ఆ తర్వాత సంతకం. ఫీజు కట్టగానే అయిపోయిందని లేచిపోకండి, సంతకం పెట్టి సబ్మిట్ నొక్కితేనే వెళ్లినట్టు. స్క్రీన్ మీద రంగురంగుల కాగితపు ముక్కలు రాలతాయి, అది గుర్తు. పంపిన కాలేజీకి ఇక మార్చలేం కానీ, మిగతావాటికి పంపేముందు ఉమ్మడి భాగం దిద్దుకోవచ్చు. మూడు పంపాక కనబడ్డ ఒక అక్షరదోషాన్ని మిగతా ఆరింటికి సరిచేయగలిగాం.

గడువు మనం ఉన్నచోటి సమయం ప్రకారం రాత్రి 11:59. అంతదాకా లాగొద్దని ముందే అనుకున్నాం. డిసెంబర్ 31 సాయంత్రం నాలుగింటికి తొమ్మిదోది వెళ్లింది. కాగితపు ముక్కలు ఇంకా రాలుతుండగానే తమ్ముడు ఫోన్ తీశాడు. నాతో ఒక్క మాటైనా అనకముందే లెక్కల మాస్టారికి చెప్పేశాడు.