ఎస్2 ప్లస్ టార్చికి నున్నటి రిఫ్లెక్టరా, గరుకుదా? చాలాకాలం వాడాక నా మాట

కాన్వాయ్ ఎస్2 ప్లస్ బాడీలో ఎల్ఈడీ మార్చుకునేవాళ్లు డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటును అదుపుచేసే సర్క్యూట్) గురించీ బ్యాటరీ గురించీ తెగ ఆలోచిస్తారు. రిఫ్లెక్టర్ దగ్గరికొచ్చేసరికి చేతికి దొరికింది బిగించేస్తారు. వెలుగు ఎలా పడాలో తేల్చేది అదే. 519ఏ, ఎక్స్‌పీ-ఎల్ హెచ్ఐ అనే రెండు ఎల్ఈడీలనూ రెండు రకాల రిఫ్లెక్టర్లలోనూ మార్చి మార్చి వాడాక నా ఓటు బత్తాయి తొక్కలాంటి సన్న గరుకుకే.

ఎల్ఈడీ నుంచి రిఫ్లెక్టర్‌ను తాకకుండా నేరుగా వచ్చే వెలుగే చుట్టూ పరుచుకుంటుంది. దాని వెడల్పు రిఫ్లెక్టర్ లోతును, మూతిని బట్టి ఉంటుంది, గరుకుతో మారదు. గరుకు మార్చేది మధ్యలో పడే గాఢమైన వెలుగు చుక్కనూ దాని అంచునూ. నున్నటిదాంట్లో ఆ అంచు గీత గీసినట్టుంటుంది. గరుకుదాంట్లో మెల్లగా కరిగి చుట్టుపక్కల వెలుగులో కలిసిపోతుంది. రాత్రిపూట గట్టు మీద నడిచేటప్పుడు కాళ్ల ముందూ పక్క గడ్డిలోనూ ఒకేసారి చూడాలి కాబట్టి ఇదే కంటికి హాయి.

దూరం తగ్గుతుందన్న భయం అవసరానికి మించినది. చుక్క తీవ్రత 10,000 క్యాండెలా (వెలుగు తీవ్రతకు కొలమానం) ఉంటే లెక్క ప్రకారం వెలుగు 200 మీటర్లు పోతుంది. అది 8,100కి పడిపోయినా 180 మీటర్లు వస్తుంది. తీవ్రత 19 శాతం పోతే దూరం పోయేది 10 శాతమే.

నున్నటిది నప్పేది ఎక్స్‌పీ-ఎల్ హెచ్ఐ లాంటి పైన గుమ్మటం (ఉబ్బెత్తు పారదర్శక కప్పు) లేని ఎల్ఈడీలకు. ఎక్స్‌పీ-జీ3, ఎక్స్‌పీ-ఎల్2 లాంటివి నున్నటిదాంట్లో పెడితే చుక్క చుట్టూ పసుపు వలయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటికి ముదురు గరుకు కావాలి. అప్పుడూ ఆ పసుపు కలిసిపోతుందే గానీ పూర్తిగా పోదు.

చుక్క మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తే గరుకు మీద ఆశ పెట్టుకోవద్దు, అది ఫోకస్ తప్పడం. తక్కువ మోడ్‌లో టార్చిని నేలకు వంచి తెల్ల కాగితం మీద వెలుగు వేయండి. రిఫ్లెక్టర్ బరువుకి ముందరి అద్దం మీదే కూర్చుంటుంది. ఇప్పుడు పిల్‌ను (ఎల్ఈడీ, డ్రైవర్ బిగించి ఉండే మరల లోహపు ముక్క) పావు చుట్టు, అర చుట్టు వెనక్కి తిప్పండి. మచ్చ పోయి చుక్క బిగుసుకుంటే ఎల్ఈడీ మరీ లోపలికి చొచ్చుకుపోయిందన్నమాట. ఎల్ఈడీకీ రిఫ్లెక్టర్‌కీ మధ్య ఉండే గాస్కెట్ రింగును కాస్త మందంది వేయాలి. మచ్చ ఇంకా పెరిగితే గాస్కెట్‌ను గాజు పలక మీద 400 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే ఉప్పు కాగితం) అరగదీయాలి, కొంచెం అరగదీసి మళ్లీ చూస్తూ. మరీ పలచనైతే మాత్రం అల్యూమినియం రిఫ్లెక్టర్ అడుగుభాగం, ఎల్ఈడీ అతికించిన బోర్డు మీది టంకాన్ని తాకి షార్ట్ అవుతుంది. అందుకే వైర్ల టంకాన్ని ముందే పొట్టిగా, చదునుగా చేసుకోవాలి. ఈ పరీక్ష కొన్ని సెకన్లలో ముగించండి. పిల్ వదులుగా ఉంటే వేడి బాడీకి సరిగా దిగదు.

నున్నటి రిఫ్లెక్టర్‌ను ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేద్దామనుకోకండి. అద్దంలా మెరిసే పైపొర చాలా పలచన, రుద్దితే మెరుపే పోతుంది. దుమ్ము పడితే కెమెరా బ్లోయర్‌తో ఊదాలి, గుడ్డ తగలనివ్వకూడదు. బోర్డు మీది ఫ్లక్స్‌ను (టంకం వేసేటప్పుడు వాడే జిగురులాంటి పదార్థం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే తల బిగించండి. మిగిలిపోయిన ఫ్లక్స్ వేడికి ఆవిరై లోపల మసకలా పట్టేస్తుంది.