ఎదురెదురు సీట్ల రైలు పెట్టె: నా రివ్యూ

కిటికీ రెక్క సగంలో ఇరుక్కుంటుంది, ఛార్జింగ్ పాయింటు పనిచేయదు. అయినా నా ఓటు ఈ పెట్టెకే. నాన్న చనిపోయిన నెలలో ఎదుటి సీటు పెద్దావిడ నా ముఖం చూసి, "ఎవరమ్మా, బాగా దగ్గరివాళ్లా?" అన్నారు. ఇంట్లో ఎవరి ముందూ రాని ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ధైర్యం చెప్పలేదు. నాన్న చేతిరాత ఎలా ఉండేదో అడిగి, నాచేత చెప్పించుకున్నారు. వాళ్లాయన పోయాక, అరవై దాటిన వయసులో, స్కూటర్ నేర్చుకున్నారట! మధ్యలో ఆగిపోయిన నా డిగ్రీకి ఆ వారమే ఫీజు కట్టేశాను.

షికాగో ప్రయాణికులపై ఎప్లీ, ష్రోడర్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ కొత్తవాళ్లతో మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా సాగింది. జనం ముందుగా ఊహించింది మాత్రం సరిగ్గా ఉల్టా.

అన్నీ ఒకే వైపు తిరిగిన సీట్లలో మాట కలవడం కష్టం. టికెట్ తీసేటప్పుడు ఎదురెదురువే అడగండి.