ఫిల్మ్ తీసేసి డిజిటల్ మామోగ్రఫీ పెట్టారు, చాలా నయం

మా ఊరి స్కానింగ్ సెంటర్‌లో మామోగ్రఫీకి, అంటే రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూసే ఎక్స్‌రేకి, డిజిటల్ మెషిన్ వచ్చిందంటే వదినని తీసుకెళ్లా. రొమ్ముని ప్లేట్ల మధ్య పెట్టి అదిమేటప్పుడు నొప్పి మాత్రం అంతే అండీ, అందులో తేడా లేదు. కానీ ఫిల్మ్ కడిగేదాకా కూర్చోక్కర్లేదు, బొమ్మ వెంటనే స్క్రీన్ మీదకొచ్చేసింది, ఒకటి కదిలిపోయిందని టెక్నీషియన్ మేడమ్ అప్పుడే చూసి మళ్లీ తీసేసింది, డాక్టర్ గారైతే జూమ్ చేసి, వెలుతురు తగ్గించి పెంచి ప్రతి మూలా చూశారు. ఫిల్మ్‌నీ డిజిటల్‌నీ పోల్చి చూసిన, 2005లో వచ్చిన డీమిస్ట్ అనే స్టడీలో మొత్తమ్మీద రెండూ దాదాపు సమానమే గానీ 50 ఏళ్ల లోపు వాళ్లకి, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకి డిజిటలే క్యాన్సర్‌ని బాగా పట్టిందని తేలింది, వదినకి 46, అందుకే పట్టుబట్టా. సీడీ అడిగితేనే ఇచ్చారు, అదొక్కటే నచ్చలేదు. పాత ఫిల్ములు పారేయకుండా పట్టుకెళ్లండి, పక్కన పెట్టి పోల్చి చూస్తారు.